నీటిరంగుల్లో యుద్ధవిమానం: కాగితం నుంచి రివెట్ దాకా ఏది ఎంచుకోవాలి

వాటర్ కలర్‌లో యుద్ధవిమానం వేయాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది బ్రష్ గురించి. ఎంత సన్నటిది కొనాలి, రెండు సున్నాలదా, మూడు సున్నాలదా అని. నేను మాత్రం ముందు ఇంకోటి అడుగుతాను: మీరు వేయబోయే విమానం ఒంటి మీద ఉన్నది రంగా, లోహమా, గుడ్డా? ఇది తేలితే ఏ కాగితం, ఏ బూడిదరంగు, ఎన్ని గీతలు అన్నవి దాని వెంటే తేలిపోతాయి.

స్పిట్‌ఫైర్‌నీ హరికేన్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ బ్రిటిష్ ఫైటర్లు, 1940లో బ్రిటన్ ఆకాశంలో పోరాడాయి. రెండింటి పైభాగానా అదే మట్టిరంగు, అదే ముదురాకుపచ్చ. కానీ హరికేన్ ఒంటికి వెనక సగం మీద ఉన్నది రేకు కాదు, బిగించి కట్టిన గుడ్డ. లోపలి పొడవాటి బద్దలు ఆ గుడ్డ కింద పక్కటెముకల్లా తేలి కనిపిస్తాయి. అక్కడ రివెట్ల, అంటే రేకుని బిగించే చిన్న మేకుల, చుక్కలు పెడితే తప్పు వేసినట్టే. కావాల్సింది పొడవునా సాగే మెత్తటి వెలుగునీడల చారలు. ఇక అమెరికా ఫైటర్ మస్టాంగ్ సంగతి: ఒళ్లంతా తళతళలాడే లోహమే అనుకుంటాం కానీ, రెక్క ముందుభాగంలో అతుకులనీ రివెట్లనీ పుట్టీతో పూడ్చి, నున్నగా రుద్ది, వెండిరంగు పూసేవారు, గాలి సాఫీగా జారాలని. కాబట్టి ఒంటి మీద అద్దంలాంటి మెరుపు, రెక్క మీద కాస్త మందమైన వెండిరంగు. ఈ తేడా పట్టుకున్న బొమ్మ, వెయ్యి రివెట్లు లెక్కపెట్టి వేసిన బొమ్మ కంటే నిజంగా కనిపిస్తుంది.

ఏ విమానంతో మొదలుపెట్టాలి

కామోఫ్లాజ్, అంటే శత్రువు కంటపడకుండా మచ్చలుగా పూసే రంగు, వేసిన రెండో ప్రపంచయుద్ధపు విమానం, లోహం మెరిసే జెట్, ఇప్పటి బూడిదరంగు ఫైటర్. ఈ మూడింట్లో తేలిగ్గా కనిపించేది చివరిది. ఒకే రంగు, ఏముంది అనిపిస్తుంది. నా అనుభవంలో కష్టమైనది అదే. రంగు తేడా లేదు, గుర్తులు కూడా అదే బూడిదలో వెలిసినట్టు ఉంటాయి. ఆకారమంతా నీడల మీదే నిలబడాలి. నీడ ఒక్క పిసరు ముదిరితే ఒళ్లు సొట్టపోయినట్టు ఉంటుంది, లేతగా వదిలేస్తే అట్టముక్కలా చదునైపోతుంది. మొదటి బొమ్మకి ఇది వద్దు.

లోహం చూస్తే భయమేస్తుంది కానీ నీటిరంగుకి అంత అనువైన వస్తువు మరొకటి లేదు. మెరుపు అంటే ఖాళీగా వదిలిన కాగితమే కదా. వెండిరంగు కొనక్కర్లేదు. మిగ్-21 లాంటి గొట్టపు ఒంటిని అడ్డంగా పడుకోబెట్టిన గుండ్రటి అద్దం అనుకోండి. పైభాగంలో ఆకాశం లేతనీలంగా పడుతుంది, నడుముకి కాస్త కింద దూరపు నేల ఒక ముదురు పట్టీలా కనిపిస్తుంది, దానికీ అడుగుకీ మధ్య నేల రంగు వెచ్చగా తగులుతుంది. ఈ మూడు పట్టీలూ తడి మీద తడిగా, ఒకదాని అంచు ఒకదానిలో కరిగేలా వేసి ఆపేస్తే చాలు, లోహం పుట్టేస్తుంది. చేయి పెట్టి సరిదిద్దబోతే మాత్రం పోతుంది. తడి ఆరేలోపు ముగించాలి.

కామోఫ్లాజ్‌లో తప్పులు దాగుతాయి. అందుకే మొదటి బొమ్మకి నా ఓటు దానికే. వేసే వరుసలో రెండు దారులున్నాయి. ముందు నీడలన్నీ బూడిదలో వేసి దాని మీద రంగులు పల్చగా పరచడం ఒకటి. ముందు రంగులు వేసి, ఆరాక, నీడని చివరి పల్చటి పొరగా పరచడం రెండోది. మొదటి దారిలో ఆకారం ముందే స్థిరపడుతుంది కానీ, పైన మట్టిరంగు పరుస్తున్నప్పుడు కింది బూడిద కదిలి మడ్డిగా మారే ప్రమాదముంది. రెండోదే నాకు నచ్చింది. పైభాగం మొత్తానికీ ముందు మట్టిరంగు లేతగా పరుస్తాను. పూర్తిగా ఆరాక ఆకుపచ్చ మచ్చలు దాని మీదే వేస్తాను. కింద మట్టిరంగు ఉండటంతో ఆకుపచ్చ గొంతు పెంచి అరవదు, రెండు రంగులూ ఒకే విమానానివిగా ఉంటాయి. ఆ తర్వాత నీడ పొర. మెత్తటి బ్రష్‌తో, ఒకే గీటున. ఒకసారి వెళ్లినచోటికి మళ్లీ వెళ్లకూడదు. జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109 పక్కల మీద ఉండే మసక మచ్చలకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. కాగితం కాస్త చెమ్మగా ఉండగానే అద్దాలి, అంచులు వాటంతటవే కరగాలి.

హాట్ ప్రెస్సా, కోల్డ్ ప్రెస్సా

రంగుల మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి కాగితం మీద పెట్టండి. మంచి కాగితం మీద మామూలు రంగులు పనిచేస్తాయి, నాసిరకం కాగితం మీద ఎంత గొప్ప రంగులైనా చేతులెత్తేస్తాయి. నూరుశాతం పత్తితో చేసిన కాగితం పొర మీద పొర తట్టుకుంటుంది, తడి బ్రష్‌తో రంగు లేపినా చెక్కుచెదరదు. చెక్కగుజ్జు కాగితం మీద రెండో పొర వేస్తుంటేనే మొదటిది లేచి వస్తుంది. విమానానికి కనీసం మూడు నాలుగు పొరలు పడతాయి కాబట్టి ఇక్కడ రాజీ వద్దు.

ఇక ఉపరితలం. హాట్ ప్రెస్ నున్నగా ఉంటుంది. పెన్సిల్ మొన, సన్నటి బ్రష్ గీత, గాజుచట్రం అంచు, అన్నీ అనుకున్నచోట అనుకున్నట్టే పడతాయి. దాని ఇబ్బంది ఆకాశంతో. నున్నటి కాగితం మీద నీళ్లు నిలవక అటూఇటూ జారుతూ చారలు కడతాయి, ఆరుతున్న పల్చటి రంగు పొర, అంటే వాష్‌లో ఒక్క చుక్క నీళ్లు పడితే కాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకున్న మరక మిగులుతుంది. కోల్డ్ ప్రెస్‌లో సన్నటి గుంటలుంటాయి. అవి రంగుని పట్టి ఉంచుతాయి కాబట్టి ఆకాశం సాఫీగా పరుచుకుంటుంది, పొరలు అందంగా కూర్చుంటాయి. కానీ యాంటెన్నా తీగ గీయబోతే బ్రష్ గుంట గుంటకీ ఎగిరి గీత చుక్కలైపోతుంది. రఫ్ కాగితం నేల, గడ్డి, పొగ వేయడానికి బావుంటుంది. వివరం కావాల్సిన విమానానికి నేనైతే వాడను.

నా తీర్పు ఇదీ. విమానం పేజీలో సగానికి మించి ఆక్రమిస్తే హాట్ ప్రెస్. మేఘాల మధ్య చిన్నగా ఎగిరే విమానమైతే కోల్డ్ ప్రెస్. మధ్యస్థంగా ఉంటే, మీకు చేతనైనది ఏదో చూసుకోండి: పెద్ద వాష్ పరచడంలో చేయి తిరిగినవాళ్లు హాట్ ప్రెస్ మీద ఆకాశాన్నీ లొంగదీస్తారు.

మందంలో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) చాలు, కానీ ఆకాశానికి బాగా తడిపితే అది ఉబ్బి అలలు తేలుతుంది. ముందే తడిపి పలకకి టేపుతో బిగించుకోవాలి, లేదా నాలుగువైపులా అంటించిన కాగితాల బ్లాక్ వాడాలి. 640 జీఎస్ఎంకి ఈ బాధ లేదు. పరిమాణం సంగతికొస్తే, 56 × 76 సెంటీమీటర్ల పూర్తి షీటులో నాలుగో వంతు, అంటే 28 × 38, కంటే చిన్నది వద్దు. విమానం కనీసం 30 సెంటీమీటర్ల పొడవు రావాలి. అంతకంటే చిన్నదైతే కాక్‌పిట్ చట్రం గోటి ముక్కంత అవుతుంది.

చూసి వేయడానికి: ఫోటోనా, నక్షానా, మోడలా

ఫోటోలో వెలుగు ఉంటుంది, కొలత ఉండదు. దగ్గరగా నిలబడి ఫోన్‌తో తీసిన ఫోటోలో ముక్కు ఉబ్బి, తోక కుంచించుకుపోతుంది. దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీసినదాంట్లో ఒళ్లు పొట్టిగా నొక్కినట్టు ఉంటుంది. మూడువైపుల నక్షాలో కొలత ఉంటుంది, ప్రాణం ఉండదు. చేతిలో పట్టుకునే ప్లాస్టిక్ మోడల్ ఉంటే రెండూ దొరుకుతాయి. కావాల్సిన కోణంలో తిప్పి, దీపం ఎటువైపు కావాలో అటు పెట్టుకోవచ్చు. ఫోటో ఒక్కటే దిక్కైతే, నక్షాతో రెక్క పొడవునీ తోక ఎత్తునీ సరిచూసుకోకుండా పెన్సిల్ పట్టకండి.

గీయడం అసలు కాగితం మీద కాదు, వేరే కాగితం మీద. ఇందులో నాకు రెండో మాట లేదు. రబ్బరు పదేపదే రుద్దితే పైనున్న జిగురు పొర లేచిపోయి, తర్వాత అక్కడ రంగు ఇంకి నల్లటి మచ్చ పడుతుంది. చిత్తుబొమ్మ పక్కాగా కుదిరాక లైట్‌బాక్స్ మీద పెట్టి ఎత్తుకోండి. 640 జీఎస్ఎం గుండా వెలుతురు సరిగా రాదు, దానికి ట్రేసింగ్ పేపర్ వెనక పెన్సిల్ పొడి రుద్ది అచ్చు దించుకోవాలి.

చిత్తుబొమ్మలో ఎక్కువమంది తప్పేది ఇంజన్ నోటి దగ్గర. మిగ్-21 ముక్కు చివర గుండ్రటి ఇంటేక్ ఉంటుంది, మధ్యలో శంకువు. ఏటవాలుగా చూస్తే ఆ గుండ్రం కోడిగుడ్డు ఆకారమవుతుంది. అది ఎటు వాలాలి? ముక్కు నుంచి తోక దాకా ఒంటి నట్టనడుమ గుండా ఒక గీత గీయండి. గుడ్డు ఆకారపు పొట్టి అడ్డకొలత సరిగ్గా ఆ గీత మీదే పడుకోవాలి. ప్రొపెల్లర్ చక్రానికీ, వెనక మంట వచ్చే గొట్టానికీ, ఒంటి చుట్టూ తిరిగే పట్టీలకీ ఇదే సూత్రం. ఇది తప్పితే తర్వాత వేసే ఏ రంగూ ఆ ముక్కుని నిటారుగా నిలపలేదు.

ట్యూబులో దొరికే బూడిదా, కలుపుకున్న బూడిదా

పేన్స్ గ్రే ట్యూబు సౌకర్యం. ఎప్పుడు తీసినా ఒకటే రంగు. సాధారణంగా అది నీలం, నలుపు కలిపి చేసినదే. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి, ఆరాక బాగా వెలిసిపోతుంది, అందుకే దాంతో నీడలు అంచనా వేయడం కష్టం. విమానమంతా దాంతోనే వేస్తే బొగ్గుపొడి పూసినట్టుంటుంది.

అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెనా కలిపితే వచ్చే బూడిదకి జీవం ఉంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెనా ఎక్కువైతే వెచ్చగా, ఒకే నీడలో రెండువైపులా తిప్పుకోవచ్చు. కానీ అల్ట్రామెరైన్ పొడి గింజలు గింజలుగా కాగితం గుంటల్లో దిగుతుంది. తుఫాను మేఘానికీ, పాతబడ్డ కామోఫ్లాజ్‌కీ, కాంక్రీటు రన్‌వేకీ ఆ గరుకుదనం వరం. మెరిసే లోహం మీద మాత్రం అది దుమ్ములా కనిపిస్తుంది. లోహానికీ, ఇప్పటి బూడిదరంగు జెట్లకీ గింజకట్టని రంగులే కావాలి. ఇండాంథ్రోన్ నీలం, అంటే ట్యూబు మీద పీబీ 60 అని ఉండేది, పారదర్శకమైన ఎర్ర ఐరన్ ఆక్సైడ్, అంటే పీఆర్ 101లో గింజకట్టని రకం, ఈ రెండూ కలిపి చూడండి. నున్నగా గాజులా ఆరే బూడిద వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇండాంథ్రోన్ కాగితాన్ని పట్టుకుంటే వదలదు, తర్వాత తడి బ్రష్‌తో లేపి మెరుపు తీద్దామంటే రాదు. మెరుపుని ముందే వదిలిపెట్టుకోవాలి.

ఏది కలిపినా, విమానం మొత్తానికి సరిపడా ఒకేసారి కలుపుకోండి. రెక్క సగంలో రంగు అయిపోయి మళ్లీ కలిపితే, అదే రంగు మళ్లీ కుదరడం కల్ల.

గీతలు: పెన్నా, పెన్సిలా, బ్రష్షా

చాలా బొమ్మలు పాడయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త లెక్కలోకి వెళ్దాం. మైక్రాన్ 005 పెన్ను ఉంది. పేరు చూస్తే వెంట్రుక గీత అనిపిస్తుంది కానీ, అది గీసే గీత సుమారు 0.2 మిల్లీమీటర్లు. తొలి రకం స్పిట్‌ఫైర్ పొడవు సుమారు 9.1 మీటర్లు. కాగితం మీద 30 సెంటీమీటర్లకి వేస్తే ముప్ఫై రెట్లు కుదించినట్టు. అంటే ఆ పెన్ను గీత అసలు విమానం మీద 6 మిల్లీమీటర్ల సందుతో సమానం. రేకు రేకుతో కలిసే అతుకు అంత వెడల్పు ఉండదు. పైగా పెన్ను గీత కటికనలుపు. అలాంటి గీతలు ఒళ్లంతా వేస్తే విమానం రేకు ముక్కలు అతికించిన బొమ్మలా తయారవుతుంది.

పెన్ను వద్దనడం లేదు. గీతకీ రంగుకీ సమాన బాధ్యత ఇచ్చే శైలి ఒకటుంది: ముందు సిరాతో బొమ్మంతా గీసి, దాని మీద రంగు తేలిగ్గా పరచడం. అది ఎంచుకుంటే మొదటినుంచీ అదే పట్టుకోవాలి. సిరా నీళ్లకి కరగనిది అయ్యుండాలి. చివర్లో వివరం తక్కువైందనిపించి పెన్ను తీయడం మాత్రం అసలుకే ఎసరు పెట్టుకోవడం.

రంగుతోనే ఆకారం కట్టాలనుకునేవాళ్లకి బ్రష్షే దారి. గీత రంగు నలుపు కాదు, కింది రంగుకి ఒక్క మెట్టు ముదురు. ఆకుపచ్చ మీద ముదురాకుపచ్చ, మట్టి మీద ముదురుమట్టి. వెలుగు పడేచోట గీతని తెంచేయండి, నీడలోకి వెళ్లాక మళ్లీ అందుకోండి. తెగిన చోట కన్ను తనే కలుపుకుంటుంది. నేరుగా రావాలంటే స్కేలుని కాగితానికి ఆనించకుండా ఒక అంచు పైకి లేపి పట్టుకోండి. బ్రష్ వెంట్రుకలు కాదు, వాటిని పట్టి ఉంచే లోహపు పట్టీ స్కేలుకి ఆనాలి. అప్పుడు రంగు స్కేలు కిందకి పాకదు. మొనదేలిన గట్టి పెన్సిల్, 2హెచ్ లాంటిది, ఆరిన రంగు మీద అద్భుతంగా పనిచేస్తుంది. దూరపు రెక్క, తోక మీది అతుకులకి బ్రష్ కంటే అదే నయం. యాంటెన్నా తీగలకి పాతకాలపు రూలింగ్ పెన్ దొరికితే వదలొద్దు. పల్చటి రంగుని బ్రష్‌తో దాని నోట్లో నింపితే మొదటినుంచి చివరిదాకా ఒకే మందం.

ఎన్ని గీతలు? కాక్‌పిట్, ఇంజన్ మూత, రెక్క ఒంటిని కలిసే మూల. నిండుగా వివరం ఇక్కడ ఉంచి, రెక్క చివరలకీ తోకకీ వెళ్లేకొద్దీ తగ్గించుకుంటూ పోవాలని నా అభిప్రాయం. బాక్స్ మీది బొమ్మల్లా ఒళ్లంతా సమానంగా కావాలనుకుంటే గ్వాష్ వైపు, అంటే కింది రంగుని కప్పేసే చిక్కటి నీటిరంగు వైపు, చూడండి. మోడల్ కిట్ల పెట్టెల మీద రాయ్ క్రాస్ వేసిన విమానాలు గ్వాష్‌తో వేసినవే. చీకటి మీద వెలుగు పెట్టే వీలు దానికే ఉంది. నీటిరంగుకే కట్టుబడి విమానాలు వేసినవారిలో ఎరిక్ రావిలియస్‌ని చూడండి. 1942లో, యుద్ధ చిత్రకారుడిగా ఉండగానే, ఐస్‌లాండ్ దగ్గర విమానంలో వెళ్లి తిరిగిరాలేదు. ఆరిన బ్రష్‌తో సన్నటి గీట్లు పక్కపక్కన పెట్టి, మధ్యలో కాగితపు తెలుపుని ఊపిరిలా వదిలేవాడు. వివరం ఉంది, బరువు లేదు.

తెలుపు కాపాడుకోవడం

మాస్కింగ్ ఫ్లూయిడ్ రబ్బరు పాలలాంటిది. ఆరాక దాని మీదుగా రంగు పరిచి తర్వాత ఒలిచేయొచ్చు. ఒకసారి విమానం మొత్తాన్నీ దాంతో కప్పి, ఆకాశం వేసి, వేరే పనిలో పడి మూడు రోజులు అలాగే వదిలేశాను. ఒలిచేటప్పుడు తోక దగ్గర కాగితం పై పొర దాంతోపాటే వచ్చేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అప్పటినుంచీ మూడు నియమాలు పెట్టుకున్నాను: వేసిన రోజే తీసేయాలి. బ్రష్‌ని ముందు సబ్బులో ముంచాలి, అదీ పాత బ్రష్‌నే. ఒళ్లంతా పులమకుండా అంచు లోపల అయిదారు మిల్లీమీటర్ల పట్టీ మాత్రమే వేయాలి.

అసలు చాలా బొమ్మలకి అది అక్కర్లేదు. కామోఫ్లాజ్ విమానం ఆకాశం కంటే ముదురు కదా, లేత ఆకాశాన్ని విమానం మీదుగానే పరిచేయండి. అడుగుభాగపు లేతరంగుకి ఆ పొరే పునాది అవుతుంది. 1944 జూన్ నాటి నార్మండీ దాడి విమానాల మీద మూడు తెల్ల పట్టీలు, రెండు నల్ల పట్టీలు ఉంటాయి. అక్కడా ఫ్లూయిడ్ వద్దు. నలుపు వేస్తే తెలుపు దానంతటదే మిగులుతుంది. ఆ పట్టీలని అప్పట్లో బ్రష్‌లతో హడావుడిగా పూశారు కాబట్టి అంచు కాస్త వంకరైతేనే నిజం.

లోహపు విమానానికీ, కనోపీ, అంటే కాక్‌పిట్ మీది మూత, గాజు మీది మెరుపుకీ మాత్రం తెలుపు దాచక తప్పదు. దాచిన కాగితపు తెలుపుకీ తర్వాత పెట్టిన తెల్ల గ్వాష్‌కీ తేడా దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. గ్వాష్ సుద్దలా పైన కూర్చుంటుంది. పెద్ద మెరుపులు కాగితానివే ఉంచి, గాజుచట్రం మీది చిన్న తళుకులకీ, ముదురు ఒంటి ముందు నుంచి సాగే తీగకీ గ్వాష్ వాడండి.

తిరిగే ప్రొపెల్లర్‌కి బ్లేడులు గీయకండి. అక్కడి ఆకాశాన్ని చెమ్మ బ్రష్‌తో కొంచెం లేపి, ఒకటి రెండు చోట్ల పల్చటి బూడిద తాకిస్తే చాలు.

బ్రష్‌ల సంగతి చివరికి పెట్టింది, అది చిన్న విషయం కాబట్టే. మంచి మొన ఉన్న ఎనిమిదో నంబరు, నాలుగో నంబరు, పొడవాటి వెంట్రుకల రిగ్గర్ ఒకటి. మూడు సున్నాల బ్రష్ నీళ్లు నిలుపుకోదు, గీత సగం దూరంలోనే ఆరిపోతుంది.

బొమ్మ మొదలుపెట్టే ముందు అదే షీటు అంచు నుంచి నాలుగు వేళ్ల వెడల్పు ముక్క కోసుకోండి. దాని మీద మీ బూడిదని పరిచి, ఆరాక సగం మీద రెండో పొర వేయండి. ఒకచోట రిగ్గర్‌తో గీత లాగండి, ఒకచోట తడి బ్రష్‌తో రంగు లేపి చూడండి, ఒక మూల ఫ్లూయిడ్ రాసి గంట తర్వాత ఒలవండి. ఆ ముక్కని పని పూర్తయ్యేదాకా పలక పక్కనే ఉంచుకోండి. రెక్క మీద బ్రష్ పెట్టేముందు ప్రతి రంగునీ దాని మీద ఒకసారి తాకించి ఆరనివ్వండి.